చదువుతున్నంతసేపూ వదలబుద్ధి కాదు, చదివాక గుర్తుండదు: ఈ నవల పేరు ఎవరైనా చెప్పగలరా?

వానాకాలపు_చదువరి
శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఒక నవల పేరు కనుక్కోవడానికి మీ సాయం కావాలి. ఆరేడేళ్ల క్రితం బ్యాంకు పరీక్షలు రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న రోజుల్లో, మా పిన్ని కూతురు తన కిండిల్‌ను నా దగ్గర వదిలి వెళ్లింది. అందులో ఉన్నవన్నీ ఇంగ్లిషు యంగ్ అడల్ట్ ఫాంటసీలే, అంటే కిశోర వయసువారి కోసం రాసే మాయామంత్రాల నవలలే. రెండు నెలల్లో ఇరవైకి పైగా చదివాను. అన్నం తింటూ చదివాను, కరెంటు పోయిన రాత్రుల్లో దోమతెరలో కూర్చుని చదివాను, అమ్మ పిలిస్తే "ఈ ఒక్క అధ్యాయం" అంటూ మూడు అధ్యాయాలు చదివాను. ఇప్పుడు వాటిలో ఒక్కదాని కథ కూడా మొదటి నుంచి చివరి దాకా చెప్పలేను.

ఒక్క నవల మాత్రం ముక్కలు ముక్కలుగా మనసులో తిరుగుతోంది. అందులో ఒక అమ్మాయి ఉప్పు గనుల్లో బానిసగా ఉంటుంది. ఆమెను అక్కడి నుంచి గాజుతో కట్టిన రాజప్రాసాదానికి తీసుకువస్తారు. కొలువులో అందరూ చూస్తుండగా, తనలో ఉన్నట్టు తనకే తెలియని మెరుపు శక్తి బయటపడుతుంది. ఇద్దరు రాకుమారులు ఉంటారు. ఒకరితో ఆమెకు పెళ్లి నిశ్చయం చేస్తారు, చూపు మాత్రం రెండోవాడి మీద ఉంటుంది. రక్తం గురించి కూడా ఏదో గొడవ ఉంది కానీ అది ఏమిటో గుర్తు రావడం లేదు. పుస్తకం మొదట్లో పటం ఉందని గట్టిగా చెప్పగలను.

ఇంకో సందేహం కూడా ఉంది. అంత ఇష్టంగా చదివినవి ఇంత శుభ్రంగా తుడిచిపెట్టుకుపోవడం నా జ్ఞాపకశక్తి లోపమా, లేక ఆ పుస్తకాల తీరే అంతా?

మూడోభాగం
శనివారం, రాత్రి 10:58

ఇది 'రెడ్ క్వీన్', అక్కా. విక్టోరియా ఏవ్‌యార్డ్ రాసింది, 2015లో వచ్చింది. మెరుపు శక్తి, అన్నదమ్ములైన ఇద్దరు రాకుమారులు, ఒకరితో పెళ్లి నిశ్చయం, అన్నీ సరిపోయాయి. మీకు గుర్తు రాని రక్తం గొడవ ఇదే: ఆ రాజ్యంలో సామాన్యుల రక్తం ఎర్రగా, శక్తులున్న ప్రభువుల రక్తం వెండి రంగులో ఉంటుంది.

అబిడ్స్_ఆదివారం
శనివారం, రాత్రి 11:20

మన్నించాలి, నేను ఒప్పుకోను. ఉప్పు గనులు, గాజు కోట అనగానే అది సారా జె. మాస్ రాసిన 'థ్రోన్ ఆఫ్ గ్లాస్' తప్ప మరొకటి కాదు. 2012లో వచ్చిన ఆ నవలలో నాయిక ఒక హంతకురాలు. ఎండోవియర్ అనే చోట ఉప్పు గనుల్లో ఏడాది పాటు మగ్గిన తర్వాత, రాజుగారి తరఫున పోటీ చేయడానికి ఆమెను కోటకు రప్పిస్తారు. పాత రాతి కోట మీదే గాజు కోటను లేపారు. అక్కడ కూడా ఇద్దరు మగవాళ్లున్నారు, కాకపోతే ఒకరు యువరాజు, రెండోవాడు అంగరక్షక దళ నాయకుడు.

గోదారి_గట్టు
ఆదివారం, ఉదయం 6:15

నాకైతే లీ బార్డూగో రాసిన 'షాడో అండ్ బోన్' అనిపిస్తోంది. తనకే తెలియని శక్తి పదిమంది ముందు బయటపడటం, రాజధానికి తీసుకుపోవడం, చిన్ననాటి స్నేహితుడికీ నల్లదుస్తుల ప్రభువుకీ మధ్య నలగడం, మొదటి పేజీల్లో పటం, ఇవన్నీ అందులోనూ ఉన్నాయి. అయితే అది మెరుపు కాదు, సూర్యకాంతి. ఉప్పు గనులు కూడా లేవు.

ఎర్రసిరా
ఆదివారం, ఉదయం 9:05

ముగ్గురు పాఠకులు ఒకే ఆనవాళ్లను చూసి మూడు వేర్వేరు పుస్తకాల పేర్లు చెప్పారు, ముగ్గురి మాటా చాలావరకు చెల్లుతుంది. చదువరి గారి రెండో ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరికింది. నా అనుమానం చెబుతాను: మీరు వెతుకుతున్న నవల అసలు లేదు. గనులూ గాజు కోటా 2012 నాటి పుస్తకంలోవి, మెరుపూ రక్తమూ 2015 నాటి పుస్తకంలోవి. రెండు పుస్తకాలు మీ తలలో అతుక్కుని ఒకటయ్యాయి.

నేను అచ్చుదిద్దే పని చేస్తాను. పదేళ్లుగా పాఠ్యపుస్తకాలతో పాటు కిశోర నవలలు కూడా నా బల్ల మీదికి వస్తున్నాయి కాబట్టి, ఈ అతుకు ఎందుకు పడుతుందో కొంత చెప్పగలను. ఈ తరహా నవలలను విడివిడిగా కాక మాలికగా అమ్ముతారు, ఏడాదికొక భాగం రావాలి. 'షాడో అండ్ బోన్' మూడు భాగాలూ 2012, 2013, 2014లో వచ్చాయి. 'రెడ్ క్వీన్' నాలుగు భాగాలు 2015 నుంచి 2018 దాకా ఏటా ఒకటి చొప్పున వచ్చాయి. 'థ్రోన్ ఆఫ్ గ్లాస్' అయితే 2012 నుంచి 2018 దాకా ఒక్క ఏడాది కూడా తప్పకుండా ఏడు నవలలు. ఇంత వేగంగా రాసేవారికి, పాఠకుడు ముందే ఎరిగిన సరుకును వాడుకోవడం తప్పనిసరి అవుతుంది. రాజుగారి కొలువు అనగానే చదివేవారి మనసులో ఒక కొలువు సిద్ధంగా ఉంటుంది కనుక, రచయిత నాలుగు తెరలూ ఒక సింహాసనమూ పెడితే చాలు, మిగతాది మనమే కట్టుకుంటాం. సినిమావాళ్లు ఒకే సెట్టుకు రంగులు మార్చి నాలుగు జానపద చిత్రాలు తీసినట్టన్నమాట. చదవడం సాఫీగా సాగేదీ, తర్వాత ఏమీ మిగలనిదీ ఈ ఒక్క కారణం చేతనే. మనం కట్టుకున్న కొలువు మనదే కాబట్టి, ఆ పుస్తకం మూసేశాక దానిదంటూ విడిగా ఏమీ ఉండదు.

పేర్లు కూడా చూడండి. 2011లో 'డాటర్ ఆఫ్ స్మోక్ అండ్ బోన్', 2012లో 'షాడో అండ్ బోన్', 2018లో 'చిల్డ్రన్ ఆఫ్ బ్లడ్ అండ్ బోన్'. పొగ, నీడ, నెత్తురు మారాయి కానీ ఎముక మాత్రం అక్కడే ఉంది. ఈ మూడూ మూడు వేర్వేరు ప్రపంచాల కథలనీ, చివరిది పశ్చిమాఫ్రికా యోరుబా సంప్రదాయం నుంచి వచ్చిందనీ, వీటిని చెడ్డ పుస్తకాలు అనలేమనీ నాకు తెలుసు. అయినా అట్ట మీద పేరు చూసి ఏది ఏదో చెప్పమంటే నాకే తడబాటు.

తోకచుక్క_మాస్టారు
ఆదివారం, ఉదయం 11:30

ఎర్రసిరా గారు చెప్పిన అతుకు మాట వింటే నా బి.ఇడి. రోజులు గుర్తుకొచ్చాయి. బార్ట్‌లెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కేంబ్రిడ్జిలో చేసిన ప్రయోగాన్ని మాకు పాఠంగా చెప్పేవారు. 1932లో ఆయన పుస్తకంగా వేశారు. అమెరికా ఆదివాసుల కథ ఒకటి ఇంగ్లండు వారి చేత చదివించి, కొన్ని రోజులకూ కొన్ని నెలలకూ తిరిగి చెప్పమన్నారు. చెప్పిన ప్రతిసారీ కథ కురచ అయిపోయింది, వింతగా తోచిన సంగతులు జారిపోయాయి, తెలియనివి తెలిసినవిగా మారిపోయాయి. కథలోని దోనె మామూలు పడవ అయింది, సీల్ జంతువుల వేట చేపల వేట అయింది. మనం కథను ఉన్నది ఉన్నట్టు దాచుకోము, మనకు అలవాటైన అచ్చులో పోసి దాచుకుంటాము. వింత కథకే ఆ గతి పట్టినప్పుడు, మొదటి నుంచీ ఆ అచ్చులోనే పోసి తయారుచేసిన కథ ఇంకో కథతో కలిసిపోవడంలో ఆశ్చర్యమేముంది?

నిజానికి నేను ఈ చర్చలోకి వచ్చింది ఈ తరం పుస్తకాలను తప్పుపట్టి, మా చందమామ ధారావాహికలను పొగడటానికే. 'తోకచుక్క' 1954లో మొదలైంది, నేను చదివింది తర్వాత పునర్ముద్రణల్లో. రాసినది దాసరి సుబ్రహ్మణ్యం గారు, బొమ్మలు వేసినది 'చిత్ర' గారు. ఆ ధారావాహికలన్నీ నాకు కంఠతా వచ్చుననే గర్వం ఉండేది. రాసే ముందు ఎందుకైనా మంచిదని ఒక కాగితం తీసుకుని, 'రాకాసిలోయ' కథ నాకు గుర్తున్నంతవరకు రాసుకుందామని కూర్చున్నాను. నాలుగు వాక్యాల దగ్గర కలం ఆగిపోయింది. ఆ నాలుగింటిలో రెండు 'రాకాసిలోయ'వో 'పాతాళదుర్గం'వో తేల్చుకోలేకపోయాను.

గుర్తున్నవి బొమ్మలు. ఎత్తయిన కొండ అంచు, పొడవాటి గడ్డం మాంత్రికుడు, చేతిలో కత్తితో యువకుడు. ఇంకా గుర్తున్నది ఎదురుచూపు. మా వీధిలో ఒకే ఇంటికి చందమామ వచ్చేది. అది నాలుగిళ్లు తిరిగి మా ఇంటికి వచ్చేసరికి నెలలో పది రోజులు గడిచేవి. ఈలోగా తర్వాత ఏమవుతుందో మేమే కల్పించుకుని అరుగు మీద కొట్టుకునేవాళ్లం. నేను కల్పించిన కథలు మాత్రం నాకు ఇప్పటికీ బాగా గుర్తు. కనుక రెండు నెలల్లో ఇరవై పుస్తకాలు మింగిన చదువరి గారి విషయంలో, పుస్తకాల మీద కన్నా ఆ వేగం మీదే నాకు ఎక్కువ అనుమానంగా ఉంది.

మూడోభాగం
ఆదివారం, మధ్యాహ్నం 2:10

మాస్టారూ, కాగితం సంగతి దాచకుండా చెప్పినందుకు మీకు దండం పెట్టాలి. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరూ ఇంత నిజాయితీగా ఒప్పుకోరు.

కానీ నాది ఒక అభ్యంతరం. మీరంతా మరిచిపోవడాన్ని జబ్బులా చూస్తున్నారు. నేను ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉన్నాను. పొద్దుటి నుంచి రాత్రి దాకా గుర్తుపెట్టుకోవడమే నా పని. సెమిస్టరు పరీక్షల మధ్య దొరికే ఒక్క రోజు సెలవులో నాకు కావలసింది గుర్తుపెట్టుకోనక్కర్లేని పుస్తకం. మొదటి పది పేజీల్లో ఎవరిని నమ్మాలో తెలిసిపోవాలి, నూరో పేజీలో నమ్మినవాడు మోసం చేయాలి, ముందే ఊహించినా గుండె దడదడలాడాలి. అది అందించే పుస్తకం తన పని తాను చేసినట్టే. మా హాస్టల్ మెస్సులో ఉప్మా నిన్న ఎలా ఉందో ఎవరికీ గుర్తుండదు, అయినా దాంతోనే కడుపు నిండింది కదా.

పైగా ఈ పుస్తకాలన్నీ ఒకటేనని తేల్చేస్తున్నారు. కాదు. 'థ్రోన్ ఆఫ్ గ్లాస్' రచయిత్రి ఆ కథను పదహారేళ్ల వయసులో మొదలుపెట్టి, ముందు ఇంటర్నెట్‌లో ఉచితంగా రాసుకుంది. క్రిస్టఫర్ పవొలీని 'ఎరగాన్'ను పదిహేనేళ్లకే మొదలుపెట్టాడు. 2002లో ఇంట్లోవాళ్లే అచ్చువేయించారు, 2003లో పెద్ద ప్రచురణ సంస్థ తీసుకుంది. పల్లెటూరి కుర్రాడు, ముసలి గురువు, గురువు మరణం, దుష్ట చక్రవర్తి, అంతా 1977 నాటి 'స్టార్ వార్స్' లాగే ఉందని అందరూ ఎగతాళి చేశారు. ఉండవచ్చు. పదిహేనేళ్ల పిల్లవాడు తనకు నచ్చినవన్నీ ఒకచోట పోగుచేసి రాశాడు, పదమూడేళ్ల నేను అచ్చంగా అవే నచ్చి చదివాను. ఆ గుడ్డులోంచి నీలిరంగు డ్రాగన్ పిల్ల బయటికొచ్చే చోట నేను మంచం మీద లేచి కూర్చున్నాను. తర్వాతి భాగాల కథ ఏమైందో మాత్రం నన్ను అడగకండి.

డాలస్_నాన్న
ఆదివారం, రాత్రి 8:45

ఇక్కడ ఉదయపు కాఫీతో మీ చర్చ మొత్తం చదివాను. మా అమ్మాయికి పన్నెండేళ్లు. దాని గది నిండా ఈ పుస్తకాలే కాబట్టి, తండ్రిగా నా అనుభవం ఒకటి చెబుతాను.

2018లో రోషని చోక్షి రాసిన 'ఆరూ షా అండ్ ది ఎండ్ ఆఫ్ టైమ్' వచ్చింది. పర్సీ జాక్సన్ పుస్తకాలు రాసిన రిక్ రియోర్డన్ తన పేరు మీద నడిపించే వరుసలో అదే మొదటిది. అట్లాంటాలో ఒక మ్యూజియంలో పెరిగే అమ్మాయి, తోటివాళ్ల ముందు గొప్ప కోసం ముట్టుకోకూడని దీపాన్ని వెలిగిస్తుంది. దాంతో కాలం స్తంభించిపోతుంది. తీరా చూస్తే ఆ పిల్ల ఇంద్రుని కూతురు, అర్జునుడి మరుజన్మ. ధర్మరాజు మరుజన్మ మినీ అనే ఇంకో పిల్ల, దానికి అన్నీ భయాలే. కథ నడక చూస్తే ఎర్రసిరా గారు చెప్పిన సెట్టు ఇందులోనూ ఉంది: అప్పగించిన కార్యం, వెతికి తేవలసిన మూడు వస్తువులు, తొందరపెట్టే గడువు.

మా అమ్మాయి ఒక్క వారాంతంలో చదివేసింది. ఆరు నెలల తర్వాత అడిగితే ఆ మూడు వస్తువులు ఏమిటో చెప్పలేకపోయింది. అయితే ఆ వేసవిలో మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. మనవరాలు ఆవిడ పక్కన చేరి, పాండవులు ఆడపిల్లలై పుట్టిన కథ చెప్పింది. మా అమ్మ "అయిదుగురూ ఆడపిల్లలేనా?" అని నోరు వెళ్లబెట్టి, "అయితే ద్రౌపది సంగతేమిటే?" అని అడిగింది. ఆ ప్రశ్నకు పిల్ల దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నుంచి నెల రోజుల పాటు మా అమ్మ దానికి భారతం చెప్పింది. అసలు పుస్తకం మరుగున పడిపోయింది కానీ, మా అమ్మాయికి శిఖండి ఎవరో, ఉత్తర కుమారుడి ప్రగల్భాలేమిటో ఇవాళ్టికీ తెలుసు. మరిచిపోయే పుస్తకమే మరిచిపోలేని కథ దగ్గరికి చేయిపట్టుకుని తీసుకెళ్లింది. దీన్ని ఏ ఖాతాలో వేయాలో మీరే చెప్పండి.

ఎర్రసిరా
ఆదివారం, రాత్రి 10:15

డాలస్ నాన్న గారూ, అది మీ అమ్మగారి ఖాతాలో వేయాలి. ఆవిడ వేసిన ప్రశ్నే అసలు రచన.

మూడోభాగం గారి ఉప్మా పోలిక బాగుంది, దానికి ఎదురు చెప్పను. నేను చెప్పదలిచినది మరొకటి. అదే వయసువారి కోసం, అంతే తేలికగా చదివించే పుస్తకాల్లో కొన్ని ఎందుకు నిలిచిపోతాయి? 1986లో డయానా విన్ జోన్స్ రాసిన 'హౌల్స్ మూవింగ్ కాజిల్' చదివి పాతికేళ్లయింది. మంత్రగత్తె శాపం తగిలిన అమ్మాయి ఒక్క రోజులో ముసలమ్మ అయిపోతుంది. ఇలాంటప్పుడు మిగతా కథల్లో నాయికలు ఏడుస్తూ రాకుమారుడి కోసం ఎదురుచూస్తారు. ఈ సోఫీ మాత్రం, మోకాళ్లు నొప్పి పుడుతున్నా, ముసలితనంలో ఎవరికీ భయపడనక్కర్లేదని కనిపెట్టి, మాంత్రికుడి ఇంట్లో దూరి ఇల్లు ఊడ్చడం మొదలుపెడుతుంది. ఆ ఇంటి తలుపుకు నాలుగు రంగుల పిడి ఉంటుంది. ఏ రంగు కిందికి తిప్పితే ఆ చోటికి తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు నేను అంతకుముందు ఏ పుస్తకంలోనూ చూడలేదు కాబట్టి, దాన్ని నా మనసులో కొత్తగా బిగించుకోవలసి వచ్చింది. బిగించుకున్నది ఊడిరాలేదు.

మూడోభాగం
ఆదివారం, రాత్రి 10:31

ఆ తలుపు మీకు 2004లో వచ్చిన జపాన్ యానిమేషన్ సినిమా వల్ల గుర్తుండి ఉండవచ్చు కదా?

ఎర్రసిరా
ఆదివారం, రాత్రి 10:50

న్యాయమైన అనుమానమే. నేను పుస్తకం ముందే చదివాను కానీ, సినిమా ఆ జ్ఞాపకానికి మరో పూత వేయలేదని ప్రమాణం చేయలేను. అందుకని సినిమా సాయం లేకుండా నాకు నిలిచిన ఉదాహరణ ఇస్తాను. ఉర్సులా లె గ్విన్ 1968లో రాసిన 'ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ'. గెడ్ అనే కుర్ర మాంత్రికుడు పొగరుతో ఒక నీడను లోకంలోకి వదులుతాడు. అది అతన్ని తరుముతుంది, తర్వాత అతనే దాన్ని తరుముతాడు. చివరికి ఆఖరి దీవులు కూడా దాటిపోయాక, సముద్రం ఇసుకగా మారిన చోట ఆ నీడ ఎదురుపడుతుంది. ఆ లోకంలో దేని అసలు పేరు తెలిస్తే దాని మీద అధికారం వస్తుంది. గెడ్ ఆ నీడను పిలిచే పేరు అతని పేరే. కత్తి లేదు, సైన్యం లేదు, ఒక్క పేరు. నేను కాలేజీ బస్సులో ఆ పేజీ చదివి, దిగవలసిన చోట దిగలేదు.

గమనించండి, అందులోనూ మాంత్రికుల బడి ఉంది, గురువు ఉన్నాడు, పటం ఉంది. సరుకు పాతదే. పాత సరుకు వాడటం తప్పు కాదని అందుకే అంటున్నాను. ఒక్కచోటనైనా పాఠకుడి కాలికి రాయి తగలాలి. నేడు వస్తున్న చాలా పుస్తకాల్లో ఆ రాయిని దిద్దుబాటు సమయంలోనే తీసిపారేస్తారు. నేనూ తీసినవాడినే కనుక ఈ మాట అంటున్నాను.

అబిడ్స్_ఆదివారం
సోమవారం, ఉదయం 7:40

రాయి సంగతి వింటుంటే నాకు 'పాతాళభైరవి' తోచింది. 1951 నాటి ఆ చిత్రంలో సరుకంతా జానపదానిదే. తోటరాముడు ఏ క్షణాన ఏం చేశాడో వరసగా చెప్పమంటే చాలామంది తడుముకుంటారు, ఎస్.వి. రంగారావు మాంత్రికుణ్ని మాత్రం ఎవరూ మరిచిపోలేదు. యంగ్ అడల్ట్ ఫాంటసీలో నాకు ప్రధానంగా కనిపించే లోటు ఇదే. దుష్టుణ్ని సగం మంచివాడిగా, అందగాడిగా తీర్చి, నాయిక మనసు పడేలా చేస్తారు. దాంతో భయపెట్టేవాడు ఎవడూ మిగలడు.

ఇంకో సంగతి. ముప్పై ఏళ్లుగా ఆదివారం ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు ఏరుకుంటున్నవాణ్ని. ఈ మాలికల మొదటి భాగాలు గుట్టలుగా పడి ఉంటాయి, రెండో భాగాలు అక్కడక్కడ కనిపిస్తాయి, మూడో భాగం దొరకడం గగనం. మొదటిది కొన్నవాళ్లలో ఎంతమంది చివరిదాకా వెళ్లారో ఆ గుట్టే చెబుతుంది. (మూడోభాగం గారూ, మీ పేరు వెనక కథ ఇదేనా?) సినిమాల్లో అయితే మరీ దారుణం. 'డైవర్జెంట్' ఫాంటసీ కాదు, భవిష్యత్తు కథ. అయినా ఒకే గూటి పక్షి కనుక చెబుతున్నాను. మూడో నవలను రెండు చిత్రాలుగా విడదీసి, 2016లో మొదటి సగం విడుదల చేశారు. అది ఆడకపోయేసరికి రెండో సగం తీయనే లేదు. కథ సగంలో తెర పడితే థియేటర్లో కుర్చీలు విరగాలి. ఇక్కడ ఎవరూ కిక్కురుమనలేదు.

మూడోభాగం
సోమవారం, ఉదయం 8:02

అవునండీ, అదే కథ. 'షాడో అండ్ బోన్' మూడో భాగం కోసం రెండేళ్లు తిరిగాను. దొరికేసరికి రెండో భాగం మరిచిపోయాను.

తోకచుక్క_మాస్టారు
సోమవారం, ఉదయం 9:25

అమ్మాయీ, అందుకే మా చందమామలో ప్రతి నెలా ధారావాహిక మొదట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో వేసేవారు. పిల్లలు మరిచిపోతారని వాళ్లకు తెలుసు, దానికి వాళ్లు నొచ్చుకోలేదు.

అబిడ్స్ ఆదివారం గారు ఒక్క విషయం విస్మరించారు. ఈ పుస్తకాలు కొనేవారిలో పెద్దలే ఎక్కువని 2012లో అమెరికాలో బౌకర్ అనే సంస్థ సర్వే చెప్పింది. కిశోరుల కోసమని వేసిన పుస్తకాల కొనుగోలుదారుల్లో 55 శాతం పద్దెనిమిదేళ్లు నిండినవారే. పన్నెండేళ్ల పిల్లకు మొదటి గాజు కోట నిజంగా మొదటిదే. ముప్పై ఏళ్లు దాటినవారికి అది పదహారోది. మరపు అనేది పుస్తకానికి ఎంత సంబంధించినదో, అంతకు ముందు చదివిన పదిహేను కోటలకూ అంతే సంబంధించినది. నాకు 'తోకచుక్క' బొమ్మలు గుర్తుండటానికీ, తర్వాత చదివిన వాటి బొమ్మలు గుర్తులేకపోవడానికీ 'చిత్ర' గారి కుంచె ఎంత కారణమో, అప్పటి నా వయసూ అంతే కారణమని ఈ చర్చ చదువుతూ ఒప్పుకోవలసి వస్తోంది.

వానాకాలపు_చదువరి
సోమవారం, రాత్రి 9:50

ఆలస్యంగా వచ్చినందుకు క్షమించండి, ఈ రోజు బ్యాంకులో నెలాఖరు పని. ఇంటికి రాగానే అటక మీది పాత పెట్టె దింపించాను. పరీక్షలకు చదివిన రోజుల్లో జనరల్ అవేర్‌నెస్ నోట్సు వెనక పేజీల్లో, చదివిన నవలల పేర్లు తేదీలతో రాసుకునే అలవాటు ఉండేది. నోట్సు దొరికింది. ఒక పక్క రిజర్వు బ్యాంకు రెపో రేట్లు, తిరగేస్తే నవలల జాబితా.

ఎర్రసిరా గారు చెప్పింది అక్షరాలా నిజం. జూలై 11, మంగళవారం: 'థ్రోన్ ఆఫ్ గ్లాస్', పూర్తి. అదే రోజు రాత్రి: 'రెడ్ క్వీన్', మొదలు. మధ్యలో ఒక్క పూట కూడా ఎడం ఇవ్వలేదు. ఒక పుస్తకంలో గనుల నుంచి బయటపడ్డ అమ్మాయి, స్నానమైనా చేయకుండా రెండో పుస్తకంలో నడిచి వెళ్లి మెరుపులు కురిపించిందన్నమాట. రెండింటికీ అయిదుకు నాలుగు చుక్కలు పెట్టుకున్నాను. రెండో దాని పక్కన "తర్వాతి భాగం తప్పక చదవాలి" అని రాసి, కింద రెండు గీతలు కూడా గీశాను. చదవలేదు. ఆ వారమే ఫలితాలు వచ్చాయి.

మాస్టారూ, మీ కాగితం పరీక్ష నేనూ పెట్టుకున్నాను. జాబితాలో ఇరవై మూడు పేర్లున్నాయి. తొమ్మిదింటి గురించి ఒక్క వాక్యమైనా రాయగలిగాను. కానీ ఆ పేర్ల వరస చూస్తుంటే, ఏ పుస్తకం ఏ గదిలో చదివానో, ఏ రోజు వాన పడిందో, ఎప్పుడు అమ్మ పకోడీలు వేసిందో చెప్పగలుగుతున్నాను. 'రెడ్ క్వీన్' ఆఖరి అధ్యాయాలు చదువుతుండగా ఇన్వర్టరు కూడా ఆగిపోయి, కిండిల్ వెలుతురులోనే అమ్మ అన్నం వడ్డించింది. పుస్తకంలో అక్కడ ఎవరు ఎవరిని మోసం చేశారో గుర్తులేదు, ఆ కంచంలో దోసకాయ పప్పు మాత్రం గుర్తుంది.

అబిడ్స్_ఆదివారం
సోమవారం, రాత్రి 10:05

అయితే ఇప్పుడేం చేస్తారు? పేర్లు తెలిశాయి కదా, మళ్లీ చదువుతారా?

వానాకాలపు_చదువరి
మంగళవారం, ఉదయం 6:50

నిన్న రాత్రి చెల్లెలికి ఫోన్ చేసి ఆ నవలే మళ్లీ పంపించుకున్నాను, 'రెడ్ క్వీన్'. నూట నలభయ్యో పేజీలో ఉన్నాను. ఇంతవరకు ఒక్క సంగతీ ముందుగా గుర్తు రాలేదు. రాత్రి రెండు దాటాక పడుకున్నాను, ఎనిమిదిన్నరకు బస్సు అందుకోవాలి. ఆ ఇద్దరన్నదమ్ముల్లో ఎవరు మంచివాడో మీలో ఎవరూ దయచేసి చెప్పకండి.